లాభం, రెండు, మూడు

సోమవారం రాత్రి, అరసికెరె

మైసూరు సంస్థాన ప్రజలారా, ఈ రోజు మీకొక మహావైద్యుడు పుట్టాడు. అది నేనే. పక్షవాతంతో తాతకు మాట పడిపోయి నెలయింది. రేపు నాలుకకు వాత పెట్టించాలని చిన్నాయన పట్టు.

"గాలి సోకలేదు చిన్నాయనా, మెదడులో మాటల చోటు దెబ్బతినింది. అలవాటు మాటలు మిగిలుంటాయని కాలేజీలో చెప్పినారు."

"నీ చదువు చెనక్కాయలు కొలిచేదానికీ పనికిరాదు లేప్పా!"

వెంటనే తాత ముందు కూర్చుని సేరుతో చెనక్కాయలు కొలిచాను. ఆయన పెదవులు కదిలాయి. "లాభం." కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి సేరుకు ఒకటి అనకుండా లాభం అనడమే ఆయన అలవాటు. "రెండు... మూడు..." పద్నాలుగు దాకా వచ్చాడు.

చిన్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. "వాత వద్దులేప్పా."

గర్వంతో నా పేరు చెప్పమన్నాను. తాత చాలాసేపు వెతుక్కున్నాడు. అది ఎప్పటికైనా దొరుకుతుందో లేదో...

"పదిహేను," అన్నాడు చివరికి.

సరే, ఇవాళ్టికి నా పేరు పదిహేను.