ఎనిమిది రోజులు చదవని రెండు వాక్యాలు

కల్బా (షార్జా),
శుక్రవారం

అన్నయ్యకు తమ్ముడు రాజేశం నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. నువ్వు, వదిన, అమ్మ, పిల్లలు అంతా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళకు పంపిన తైలం అందిందా? పొద్దున పూట రాసుకుని కాసేపు ఎండలో కూర్చోమను. నా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. తిండికీ నిద్రకూ లోటు లేదు.

పరీక్షలకు ఎందుకు రాలేదని నువ్వు రాసిన ఉత్తరం నిన్న అందింది. హైదరాబాదులో నాకోసం గది మాట్లాడి, రెండు రోజులు రైలు స్టేషనుకు వెళ్ళి చూశావట. టెలిగ్రాం అయినా ఇవ్వకపోవడం నా తప్పే. ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. ఏం జరిగిందో ఇప్పుడు రాస్తాను.

ఎండలు ముదిరాయి. పక్కనే సముద్రం ఉంది కదా, చల్లగా ఉంటుందని మీరనుకుంటారు. ఆ గాలి మొహాన తడిగుడ్డ కప్పినట్టుంటుంది. పన్నెండింటికి పని ఆపి మళ్ళీ మూడున్నరకు మొదలుపెడతాం. నేను ఎప్పటిలాగే పేర్లు పిలిచి, ఎవరు ఎన్ని గంటలు చేశారో రాస్తున్నాను. యూనివర్సిటీ వాళ్ళు ఎం.ఏ. పాఠాల కట్ట మీద 'విదేశీ విద్యార్థి' అని ముద్ర వేసి పంపుతారు. మా గదిలో ఉండే పోశెట్టికి అదొక నవ్వులాట. "మనోడు ఫారిన్ స్టూడెంటురా! సిమెంటు బస్తల మీద గూసొని సదువుతడు" అని వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తాడు.

గదిలో ఏడుగురం. వంటకు వంతులున్నాయి, మొన్నటి దాకా నాకు తప్ప. చదవను రాయను వచ్చింది నాకొక్కడికే కాబట్టి అందరి ఉత్తరాలూ నేనే చదివిపెట్టేవాణ్ణి, జవాబులు రాసేవాణ్ణి. ఉత్తరాలు షార్జా ఆఫీసుకు వస్తే గురువారం నాడు నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఇక్కడికి తెస్తాడు. ఈ కట్టుబాటు పెట్టింది గంగారాం కాక. తాపీ మేస్త్రి. వాళ్ళది మెట్‌పల్లి దగ్గర పల్లె. "మా ఉత్తరాలు నువ్వు సూడు, నీ వంట మేం సూస్తం. పొయ్యి దిక్కు రాకు బిడ్డా, సదువుకో" అన్నాడు. మూడేళ్ళు అలాగే జరిగింది.

ఈ వేసవి సెలవు వంతు గంగారాం కాకది. మూడేళ్ళకు వచ్చిన వంతు. బిల్డింగు అప్పజెప్పే దాకా మా క్యాంపు నుంచి ఒక్కడే వెళ్ళాలని మా మేనేజరు, అదే ముదీర్, ఖరాఖండిగా చెప్పాడు. పాస్‌పోర్టులన్నీ మాకు వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలో ఉంటాయి కదా, ఒకటే బయటికి వస్తుంది. నా సంగతి నీకు తెలుసు. ఈసారి రెండో ఏడాది పరీక్ష రాయకపోతే గడువు తీరిపోతుంది, మొదటి ఏడాది మార్కులు కూడా చెల్లవు. ఎవరినీ ఏమీ అడగలేదు. మొహం వేలాడేసుకుని తిరిగాను, అంతే. కాకే పిలిచాడు. "నువ్వు పో. నేను దసరకు పోత. నాలుగు నెలలల్ల మునిగిపోయేదేమున్నది?" అన్నాడు. శనివారం దరఖాస్తు తెమ్మని ముదీర్ చెప్పాడు.

ఆ శనివారానికి ముందు గురువారం కాక భార్య దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ ఊరి పోస్టుమాస్టరు రాసిపెడతాడు, గుండ్రటి అక్షరాలు. కాక పిండి కలుపుతున్నాడు, "సదువు" అన్నాడు. వాన పడలేదని, గేదె ఈనిందని, కూతురు మూడో తరగతికి వెళ్ళిందని చదివాను. తర్వాత కాక తల్లి గురించి రెండు వాక్యాలున్నాయి. "అత్తమ్మ మంచం దిగడం లేదు, నీ పేరు పెట్టి రోజూ అడుగుతున్నది. వంతు వచ్చిన వెంటనే బయలుదేరగలవు." నా కళ్ళు వాటిని చదివాయి. నోరు 'ఇట్లు' అనే మాట దగ్గరికి వెళ్ళిపోయింది.

"గంతేనా? మా అవ్వ ముచ్చట రాయలేదా?" అన్నాడు.

"బాగుందట కాకా" అన్నాను.

శనివారం నాడు 'గంగారాంకు బదులుగా రాజేశం' అని దరఖాస్తు నా చేత్తోనే రాశాను. కాక వేలిముద్ర వేశాడు. ముదీర్ సంతకం చేసి "ఖలాస్, యల్లా" అని పంపేశాడు. ఆ వారమంతా నేను చదువుకుంటుంటే కాక టీ చేసి పక్కన పెట్టేవాడు. చేప వండిన రోజు నడిమి ముక్క నా పళ్ళెంలో వేశాడు. సిగ్గుతో తిన్నాను అన్నయ్యా. కానీ తిన్నాను.

మరుసటి శుక్రవారం పొద్దున జవాబు రాయమని కూర్చున్నాడు. "మా అవ్వ మంచిగున్నదంటే మనసు నిమ్మళమైందని రాయి. దసర దాక ఆగుమను" అన్నాడు. కలం ఆగిపోయింది. అది రాస్తే అక్కడ వాళ్ళకు నా అబద్ధం తెలిసిపోతుంది. వేరే ఏదైనా రాసేసి, ఇదే రాశానని చదివి వినిపించవచ్చు కదా అని కూడా తోచింది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే భయం వేసింది. పాత ఉత్తరం తీసి ఆ రెండు వాక్యాలతో సహా మొత్తం చదివాను. పట్టుబడతానని భయపడి చదివానో, చేసింది తప్పనిపించి చదివానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కాక ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టాడు. తర్వాత "ఎన్ని దినాలాయె?" అన్నాడు.

"ఎనిమిది."

"నువ్వు జెప్తే నేనేం జేస్తుంటినో నాకు తెల్వదు బిడ్డా. పొమ్మనే అంటుంటినేమో. గని నన్ను అడగాలె గద!"

కొట్టి ఉంటే బాగుండేది. పోశెట్టి మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాడు. "అన్నం బెట్టినోని కండ్లల్లనే మన్ను గొట్టినవ్ గదరా!" అన్నాడు. మర్నాడు శనివారం నేనూ కాకా ముదీర్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ పేరు మార్పించాం. ఇదేమైనా పిల్లలాటా అని ఆయన హిందీలో నన్ను కేకలేశాడు. మంగళవారం కాక బయలుదేరాడు. ప్రయాణం కాగితాలు నింపిపెడతానంటే "ఏర్‌పోర్టుల ఎవలన్న నింపుతరు తియ్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

కానీ నాకు మనసులో గుచ్చుకున్నది అది కాదు. ఆ శుక్రవారమే మధ్యాహ్నం ఆయన పెట్టె అడుగు నుంచి పాత ఉత్తరాలన్నీ తీసి, తువాలలో మూటకట్టుకుని బజారుకు వెళ్ళాడు. అక్కడ కోనసీమ నుంచి వచ్చిన టైలరు ఒకాయన ఉన్నాడు. తర్వాత ఆయనే నాతో చెప్పాడు. "మొదటి దాన్నుంచీ చదివించుకున్నారండీ. ఒక్కోటి చదవగానే, ఇంకేం లేదా, ఇంకేం లేదా అని అడుగుతారు. మిషను ఆపేసి సాయంత్రం దాకా చదివానండీ" అన్నాడు. అన్నయ్యా, మిగతావన్నీ నేను సరిగానే చదివాను. మూడేళ్ళలో ఒక్క అక్షరం వదల్లేదు. అది ఎవరికి చెప్పుకోను?

నిన్నటి టపాలో నీ ఉత్తరంతో పాటు పోశెట్టి పేర కాక ఉత్తరం కూడా వచ్చింది. పోశెట్టి దాన్ని టైలరు దగ్గరికే తీసుకుపోయాడు. ఇప్పుడు గదిలో అందరూ అక్కడికే వెళ్తున్నారు. వచ్చి నాకు విషయం మాత్రం చెప్పాడు. ముసలమ్మ పోయిందట. కొడుకు వెళ్ళాక పదకొండు రోజులు బతికిందట, గుర్తుపట్టిందట, ఆయన చేత్తో జావ తాగిందట. ఆయనకు పదకొండు రోజులే దక్కాయి. ముందరి ఎనిమిది రోజులు నేను తీసుకున్నాను.

ఇప్పుడు వంటలో నాకూ వంతుంది. మొదటి రోజు పప్పు మాడ్చాను. ఎవరూ ఏమీ అనకుండా తినేశారు. ఏమైనా అంటే బాగుండుననిపించింది. పాఠాల కట్టలు మంచం కింద ఉన్నాయి. మళ్ళీ మొదటి ఏడాది నుంచి ఫీజు కట్టాలా వద్దా అన్నది ఇంకా నిశ్చయించుకోలేదు. నువ్వు పడ్డ శ్రమంతా వృథా అయింది, నీకు కోపం వస్తుంది. రావాలి కూడా.

ఒక పని చేసిపెట్టు. గంగారాం కాక తిరిగి వచ్చేలోపు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళిరా. నా తరఫున క్షమించమని అడగవద్దు. పలకరించి, కాసేపు కూర్చుని రా. వీలైతే మన చింతపండు కొంచెం ఆయన చేతికివ్వు, ఇక్కడ దొరికేదానికి పులుపు లేదు. తెస్తాడో లేదో తెలియదు. తేకపోతే ఏమీ అనుకోకు.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. పెద్దవాళ్ళందరినీ అడిగానని చెప్పు. ఈ ఉత్తరం అమ్మకు నువ్వే చదివి వినిపిస్తావు కదా. కాక సంగతి ఆమెకు చదవవద్దని పైన ఒక ముక్క రాద్దామనుకున్నాను, మానేశాను. మొత్తం చదువు. అమ్మ మధ్యలో ఆపమన్నా ఆపకు.

మీ దీవెనలు కోరే
రాజేశం