డిక్కీలో ఆడబిడ్డ వంతు

ముత్తుకూరు,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన స్వర్ణకు,

దేవుని కృప వలన ఇక్కడ మీ అత్తగారూ నేనూ బాగున్నాం. ఆ దీవి ఆసుపత్రిలో నువ్వూ నీ పేషెంట్లూ క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాళ్లు మాత్రం ఇంకా ఆమె మాట వినడం లేదు.

నీ ఉత్తరం అందింది. కారు ఎలా ఉందని ఫోనులో అడిగితే "బాగుంది" అని ఊరుకున్నానని బాగానే తిట్టావు. మీ అండమానులో సిగ్నలు మూడు మాటలకే తెగిపోతుంటే నాలుగో మాట ఎవరికి చెప్పను తల్లీ? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

బండి చిన్నదే కానీ పనిమంతురాలు. ఇన్నేళ్లు బొగ్గు టిప్పరు నడిపినవాణ్ణి కదా, మొదటిరోజు ఇందులో కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంది. ఎదురొచ్చిన గేదె పొట్ట తప్ప ఇంకేమీ కనపడలేదు. క్లచ్ మహా మెత్తన. టిప్పరు అలవాటు కొద్దీ ఠక్కున కాలు తీసేసరికి ఒక్క గంతేసి ఆగిపోయింది. వెనక సీట్లోంచి అమ్మ, "ఇది బొగ్గు లారీ కాదు నాయనా, లోపల మనుషులుండారు" అంది. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. మన సందు చివర ఆటోవాళ్లు కూడా ముందుకీ వెనక్కీ తంటాలు పడే మలుపులో ఒక్క తిప్పుకే తిరిగొచ్చింది. పెట్రోలు పొదుపుగానే తాగుతుంది. హారను మాత్రం నాకు నచ్చలేదు, అది విని మేకలు కూడా పక్కకు జరగడం లేదు. ఏసీ చల్లగా ఉందా అని అడిగావు. జూను ఎండలో అమ్మ దుప్పటి తెమ్మంది, ఇంకేం చెప్పమంటావు?

పోర్టు రోడ్డులో ఒక టిప్పరు పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికి బండి ఊగింది. ఇన్నాళ్లూ నా టిప్పరు వెళ్తున్నప్పుడు చిన్న బళ్లవాళ్లు నన్ను ఏమని తిట్టుకున్నారో అప్పుడు తెలిసింది. ఇప్పుడు టిప్పరును కాస్త మర్యాదగా నడుపుతున్నాను.

నాకు పొగడటం రాదని నీకు తెలుసు. అయినా రాస్తాను. రాత్రి డ్యూటీలు చేసి నువ్వు కొన్న బండిలో మా అమ్మ ఆసుపత్రికి కాళ్లు చాపుకుని వెళ్తోంది. ఆటోలో ఒంగి ఎక్కలేక ఆమె మూలిగే మూలుగు ఇప్పుడు నాకు వినపడటం లేదు. నీ రుణం తీరేది కాదు స్వర్ణా.

ఇక మీ మైపాడులో వేట ఎలా ఉందని ఈసారి కూడా అడిగావు. ప్రతి ఉత్తరంలోనూ అదే అడుగుతావు. చేపల కోసం అడగడం లేదని నాకు తెలుసు. మన పెళ్లి చర్చిలో జరిగిన రోజు నుంచి మీ నాన్న మనతో మాట్లాడలేదు. నేనూ తక్కువేం తినలేదు, ఆయన పిలిచేదాకా ఆ ఊరు తొక్కనన్నాను. మా ఇద్దరి మధ్యా నలిగి నువ్వు ఆయన పేరెత్తడమే మానేసి, వేట సంగతి అడగడం మొదలుపెట్టావు. ఈసారి నా దగ్గర జవాబు ఉంది. దాంతోపాటు నేను ఒప్పుకోవాల్సిన తప్పు కూడా ఒకటుంది. మొత్తం చదివాక కోప్పడు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బండికి ప్రార్థన చేశారు. ఇంటికి పోదామని తాళం తిప్పితే అమ్మ ఒప్పుకోలేదు.

"బండి కొనిన బిడ్డ లేకుండానే ప్రార్థన అయిపాయ. ఆ బిడ్డ పుట్టింటోళ్ల కంట్లో అన్నా పడనీ. మైపాడుకు పోనీ."

"ఆయన మొహం తిప్పుకుంటే?"

"తిప్పుకుంటే మనం బండి తిప్పుకుందాం. ఒక్క వేలితో తిరగతాదంటివే."

వేట నిషేధం ముగిశాక మీవాళ్లు కొత్త వలతో మొదటిసారి వెళ్లి ఒడ్డుకు వచ్చింది ఆ రోజే. రోడ్డు చివరే ఆపి నడిచిపోవచ్చు. కానీ నీ బండిని మీ నాన్న కళ్ల ముందు దాకా తీసుకుపోయి నిలబెట్టాలని నా పొగరు. టిప్పరు తోలినట్టు నేరుగా ఇసుకలోకి దించేశాను. టిప్పరుకు వెనక చక్రాలు తోస్తాయి, దీనికి ముందు చక్రాలే లాగాలి. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ముందు చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి. ఆక్సిలేటరు తొక్కినకొద్దీ ఇంకా దిగింది. పడవ దగ్గరున్న వాళ్లంతా ఇటే చూస్తున్నారు. సిగ్గుతో నేను తల ఎత్తలేదు.

మీ నాన్న చేతిలో పని వదిలి వచ్చాడు. నన్ను చూడలేదు. వంగి చక్రం చూశాడు, మీ తమ్ముడు చిన్నబాబును పిలిచి వల తాడు తెమ్మన్నాడు, వెనక కొక్కానికి తనే ముడి వేశాడు. తర్వాత వెనక అద్దం మీద తట్టి, "చెల్లెమ్మా, నువ్వు దిగు. బరువు తగ్గాల" అన్నాడు. ఎవరికైనా ఎదురు మాట చెప్పే మా అమ్మ నోరెత్తకుండా దిగింది. పదిమంది తాడు పట్టారు.

"అల్లుడా, గేరు తీసేయ్! చక్రం తిప్పబాక, నేరుగా పట్టుకో!"

పని తొందరలో నోరు జారిందో ఏమో. ఆయన ఆ పిలుపును వెనక్కి తీసుకోలేదు. నేను గేరు తీసి, మిషన్ స్కూలు పిల్లాడిలా స్టీరింగు నేరుగా పట్టుకున్నాను.

రోడ్డెక్కాక ఆయన బండి చుట్టూ తిరిగాడు. కొత్త పడవను చూసినట్టు అక్కడక్కడా వేలి కణుపుతో కొట్టి, "రేకు పల్చన" అన్నాడు. ఆపైన అమ్మను అడిగాడు, "ఎవురిది?"

"నీ బిడ్డదే అన్నయ్యా. దాని కష్టం."

ఆయన గిరుక్కున తిరిగి పడవ దగ్గరికి పోయాడు. అంతేలే అనుకున్నాను. మళ్లీ వచ్చినప్పుడు చేతిలో గంప ఉంది. వంజరాలు, చందువాలు, నీళ్లు కారుతున్నాయి. "దీని మూత యాడుండాది?" అన్నాడు. డిక్కీ తెరిచాను. కార్లోకి చేప రానివ్వొద్దని నువ్వు పెట్టిన షరతు గుర్తొచ్చి, "ఉండు మామా, గోతం పరుస్తా" అన్నాను.

"కొత్త వల మొదటి వేటలో ఆడబిడ్డ వంతు ఇది. నా బిడ్డ వంతు నా బిడ్డ బండిలో పెడతా ఉండా. మధ్యలో నీకేంది?"

గోతం లేకుండానే పెట్టేశాడు. ఆయన వెనకే వచ్చిన మీ అమ్మ పక్కకు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బిడ్డ అన్నం సరిగా తింటా ఉందా?" అని నన్ను మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ తింటోందన్నాను.

నీ షరతు దాటి డిక్కీలోకి చేప రానిచ్చాను, అదీ నా తప్పు. వారమైనా వాసన పోలేదు. నిమ్మకాయ వేసి కడుగుతానని అమ్మ అంటే నేనే కడగనివ్వలేదు. సెలవుల్లో చెన్నై రేవులో నువ్వు ఓడ దిగే రోజు ఈ బండే తెస్తాను. ముందు డిక్కీ తెరువు, తర్వాత నన్ను తిట్టు.

ఇంకొక్క మాట. మేం బయలుదేరుతుంటే మీ నాన్న అద్దం దించమని సైగ చేశాడు. లోపలికి వంగి, నా మొహం చూడకుండా స్టీరింగు వైపు చూస్తూ అడిగాడు.

"ఆ దీవికాడ వేట ఎట్టుండాదంట?"

తోటపల్లి గూడూరు దాటేదాకా నాకు రోడ్డు మసగ్గానే కనపడింది. స్వర్ణా, ఆ జవాబు నాకు రాయొద్దు. ఆయనకే రాయి.

ఇట్లు,
మైపాడు గంగులయ్య గారి అల్లుడు,
సమాధానం