బ్లూబెర్రీలు ఈరోజే కోసేయండి

ఏవండీ, ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నాను. పెరట్లో రంగు తిరిగిన బ్లూబెర్రీలన్నీ ఈరోజే కోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆగస్టులో కాయ పండటమే ఆలస్యం, సన్న ఈగలు వచ్చి లోపల గుడ్లు పెడుతున్నాయి. చర్చి హాలు తెరిచాక ప్రథమ ఫలాలు ఇద్దామని మీరు చెట్టుమీదే ఉంచితే చివరికి దేవుడికి పురుగులే మిగులుతాయి. మొదటి డబ్బా పక్కింటి జెర్రీగారి గుమ్మంలో పెట్టండి. ఆ పెద్దాయన కోవిడ్ భయంతో మార్చి నుంచి గడప దాటలేదు.

వచ్చాక నేను మళ్ళీ పైన చిన్న గదిలోనే ఉంటాను.

ఇంకొకటి. నా గిన్నె తలుపు బయట పెట్టి ఎప్పట్లా కిందికి వెళ్ళిపోకండి. మీ గిన్నె కూడా తెచ్చుకుని మెట్ల మీద కూర్చోండి. ఎవరి పక్కనైనా కూర్చుని తిని ఐదు వారాలైంది. తలుపు మూసే ఉంచుతాను. మీరు తింటున్న చప్పుడు వినిపిస్తే చాలు.

లీల