పేడనీళ్లు తాగిన టమాటా మొక్క

చిలకలగూడ,
ఆదివారం.

అన్నయ్యకు చెల్లి పార్వతి నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. నాన్న మోకాళ్లు, వదిన దగ్గు, బుజ్జిగాడి అల్లరి ఎలా ఉన్నాయో విడివిడిగా రాయి. ‘అందరం బాగున్నాం’ అని ఒక్క ముక్కలో తేల్చేయకు.

వానలు మొదలయ్యాయి. జొన్నరొట్టెలు అలవాటయ్యాయి గానీ, వదిన పెట్టే బెల్లం ఆవకాయ లేక నాలుక చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక సీసా పంపండి. సాయంత్రాలు స్టేషనులో విశాఖ బండి కూత వింటే కాస్త దిగులేస్తుంది. అంతే, బెంగపడకండి.

దసరాకల్లా ఈ మొక్కల ల్యాబు మానేసి అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులో చేరమన్నావు. నా గదిలో ఉండే అమ్మాయిలిద్దరూ చేరిపోయారు. నా జవాబుకు ముందు ఇది విను.

ల్యాబుకి రంగులు వేస్తున్నారని నా టమాటా మొక్కను ఇంటికి తెచ్చాను. దాని వేళ్లను రెండు పాయలు చేసి రెండు డబ్బాల్లో పెట్టాం. ఒకదానికి ఎరువు నీళ్లు, రెండోదానికి ఉత్త నీళ్లు. పస్తులున్న వేళ్లు ఏదో పదార్థం తయారుచేసి దాంతో ఆకులకు కబురు పంపుతాయి. ఆకులు ఇంకో కబురు కిందికి పంపి, తిండి దొరికే వేళ్లను ‘మీరే ఎక్కువ తాగండి’ అంటాయి. నాన్నకు మోకాళ్లు పట్టేసిన రోజు నువ్వు ఇద్దరి పనీ చేస్తావే, అలాగ. అటువైపు వేళ్లు గుబురుగా పెరిగిపోతాయి.

మా ఇంటి ఓనరు యాదమ్మ గారికి ఇది చూసి కడుపు తరుక్కుపోయింది. రోజూ వాకిట్లో కళ్లాపి చల్లాక మిగిలిన పేడనీళ్లు తెచ్చి ఆ పస్తుల డబ్బాలో పోశారు! వారం తర్వాత గానీ నేను చూడలేదు.

“ఎంత పని చేశారాంటీ!” అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

“ఒక దిక్కు తినవెట్టి ఇంకో దిక్కు ఎండవెడ్తవా బిడ్డా? పాపం తగుల్తది,” అన్నారు.

ల్యాబులో మా మేడంకి చెబితే పడీపడీ నవ్వి, “పోసిందేదో పోశారు, ఎరువు వైపు వేళ్లు చూశావా?” అన్నారు. చూస్తే ఏముంది, అటు గుబురు పెరగడం ఆగిపోయింది! ఆకలి తీరగానే కబురూ ఆగిందేమో మరి. పేడ లేకుండా, పద్ధతిగా మళ్లీ చేసి తేల్చమని ఆ పని నాకే అప్పగించారు. ఇంకో ఏడాది పడుతుంది.

నీ ఉత్తరం సంగతి, ఈ సంగతి యాదమ్మ గారికి చెప్పాను. “మొక్క సుత ఆకలైతే చెప్తదంటివి. మరి మీ అన్నకు నువ్వెందుకు చెప్తలేవు?” అన్నారు.

అందుకే చెబుతున్నాను. నాకు ఈ పనే ఇష్టం అన్నయ్యా. మానేస్తే బతకలేనని కాదు, సంతోషంగా ఉండలేను.

నాన్నకు పాదాభివందనాలు, బుజ్జిగాడికి ముద్దులు. నన్ను ఆశీర్వదించమని వదినకు చెప్పు. నువ్వు సరేనంటే ఆ మాట ప్రత్యేకంగా రాయక్కర్లేదు. సీసా బదులు జాడీ పంపు, ఏడాదికి సరిపడా.

నీ చెల్లి,
పార్వతి