వార్నిష్ వేయని కాయిలు

ఎర్రగుంట్ల

తమ్ముడు ధనుంజయకు,

అక్క ఆశీస్సులు. డోన్‌కు వస్తున్న పక్కింటాయనతో మా అమూల్య గిటారు మళ్లీ పంపుతున్నాను. ఫోనులో చెబితే పిల్ల వింటుందని ఈ ఉత్తరం సంచిలో పెట్టాను.

పోయినసారి తీగల కింద ఉండి మోతను పట్టే రెండు పికప్‌లలో ఒకదాని కాయిలు తెగితే, నువ్వు బోరు మోటారుకు చుట్టినట్టే బిగువుగా చుట్టి, వార్నిష్‌లో ముంచి, దాని కింది స్ప్రింగులు తీసేసి చెక్కకు బిగించావు. "మోటారైనా గిటారైనా కాయిలు కదలగూడదక్కా" అన్నావు. నిజమే, స్పీకరు కీచుమనడం పోయింది. "మామ శానా బాగా చేసినాడుమా, రెండోదానికీ అట్లే ఎయ్యమను" అని పిల్ల ఒకటే పోరు.

వేయొద్దు.

కడపలో పాటల పోటీలో గొంతు జీరపోయి జనం నవ్వినప్పటి నుంచి అది ఎవరి ముందూ పాడదు కదా. వాయించేటప్పుడు మాత్రం గిటారు మీదికి వంగి సన్నగా పాడుకుంటుంది. వదులు కాయిలు తీగల మోతతో పాటు ఆ గొంతునూ పట్టి స్పీకరులోకి పంపుతుంది. నువ్వు చేసినదాంట్లో తీగలే పలుకుతున్నాయి. రెండోదాంట్లో ఇంకా నా బిడ్డ గొంతు వినిపిస్తోంది. ఈ సంగతి దానికి తెలియదు. తెలిస్తే అదీ మానేస్తుంది.

అందుకే రెండోదాన్ని స్ప్రింగుల మీద అట్లాగే ఉండనీ. అడిగితే, దానికి వార్నిష్ పడదని చెప్పు. కీచుమంటే అననీ.

నిన్న వాయిస్తూ ఒక పాట మొత్తం పాడింది. పెనం మీద జొన్నరొట్టె మాడిపోయింది. తిప్పితే ఆ చప్పుడుకు ఎక్కడ ఆపేస్తుందోనని నేను కదలలేదు.

మీ అక్క