పాట వేయని సీడీ

కువైట్, అక్టోబరు 2004

ప్రియమైన సుబ్బక్కకు,

సీడీ అందింది. సెలవు నుంచి తిరిగొచ్చిన మన ఊరి లక్ష్మణప్ప బట్టల మధ్య పెట్టి విరగకుండా తెచ్చాడు. మేడం వాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు పిల్లల గదిలో టీవీలో చూశాను. నా నయన చెవులు కుట్టిన రోజంతా ఉంది. నేను వచ్చేటప్పుడు తప్పటడుగులు వేసేది, ఇప్పుడు పరుగులు పెడుతోంది. మనకు అన్నదమ్ములు లేరు కదా, బావ ఒడిలో కూర్చోబెట్టడం బాగుంది.

ఒక్కటే కొరత. మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలే. సూది గుచ్చినప్పుడు పిల్ల నోరు తెరిచి ఏడుస్తోంది, వినిపించేది పాట. దాని పెదవులు ‘అమ్మా’ అన్నట్టు కదిలాయి. అక్కడ ఆపి మళ్ళీ మళ్ళీ చూశాను. ఈసారి పాటలు వద్దని చెప్పు. దాని గొంతు వినాలి. ఫోను చేస్తే అది దగ్గరికే రాదు.

నీ చెల్లెలు,
సుజాత

చింతామణి, డిసెంబరు 2004

చిరంజీవి సుజాతకు అక్క ఆశీస్సులు.

అందరం క్షేమం. పాటల సంగతి స్టూడియో రామాంజినప్పకు చెప్పాను. నవ్వాడు. “పాట లేకుంటే సీడీలో ఏముంటాదమ్మా? కోళ్ళ సప్పుడు, కుక్కర్ సప్పుడు. అవి కువైట్‌కు పంపిస్తావా?” అన్నాడు. మా శృతి స్కూలు వార్షికోత్సవంలో నయన కూడా ఎగిరింది. అది తీయించి పంపుతున్నాను. దీంట్లోనూ పాటలున్నాయి, ఏమనుకోకు. ఫోను మోగితే నయన మంచం కిందికి దూరుతుంది. సిగ్గు.

అక్క,
సుబ్బలక్ష్మమ్మ

కువైట్, జనవరి 2005

ప్రియమైన అక్కా,

సూటిగా అడుగుతాను. నయనకు మాటలు రాలేదా? మూడేళ్ళు దాటాయి. రెండు సీడీల్లోనూ గొంతు లేదు. లక్ష్మణప్పను అడిగితే “పాప బాగుండాదమ్మా” అని తల దించుకున్నాడు. మేడం పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే వెంట వెళ్ళి అడిగాను. తొందరగా చికిత్స చేయిస్తే మాటలు వస్తాయట. బెంగళూరులో చూపించు. మేలో నా కాంట్రాక్టు ముగుస్తుంది, వచ్చేద్దామనుకున్నాను. వైద్యానికి కావాలంటే ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటాను. దాచొద్దు.

సుజాత

చింతామణి, ఫిబ్రవరి 2005

చెల్లీ,

ఇంకో రెండేళ్ళు ఉంటానన్నది చదివి మీ బావ నా మీద కోప్పడ్డారు. “ఇంగ దాచింది చాలు. ఉండేది ఉండేట్టు పంపియ్” అన్నారు.

నయనకు మాటలు బాగా వచ్చు. అంగనవాడి టీచరుకే ఎదురు చెబుతుంది. పాటలు వేయించింది నేనే. ఫోను దగ్గరికి రానివ్వనిదీ నేనే. శృతి నన్ను పిలిచేది విని అదీ అలాగే పిలవడం నేర్చుకుంది. నేను నేర్పలేదు. సరిదిద్దితే ఏడ్చింది, ఊరుకున్నాను.

ఈ సీడీలో పాట లేదు. ఎవరూ లేనప్పుడు చూడు.

అక్క

కువైట్, మార్చి 2005

ప్రియమైన అక్కా,

చూశాను. కొంచెం బొంగురు గొంతు, అచ్చం వాళ్ళ నాయనదే. ఆయన పోయాక ఆ గొంతు మళ్ళీ వినడం ఇదే.

నా ఫోటో చూపించి నువ్వు “ఇదెవురే?” అన్నావు. “కువైట్ చిన్నమ్మ” అంది. “కాదే, అమ్మ” అన్నావు. అది నీ చెంప మీద ఒకటి వేసి “నువ్వు గదా అమ్మ! నీకేం తెల్దు పో” అంది. నాకూ నవ్వు వచ్చింది. తర్వాత పాత సీడీ పెట్టుకుని చెవులు కుట్టింది చూశాను. ‘అమ్మా’ అన్నప్పుడు దాని చేతులు నీ వైపు చాచి ఉన్నాయి. అప్పుడు పెదవులే చూశాను, చేతులు చూడలేదు.

ఈ ఇంటి చిన్నవాడు నిద్రమత్తులో, వాళ్ళ భాషలో, నన్ను అమ్మా అంటాడు. అది విన్నప్పుడల్లా మేడం గదిలోంచి వెళ్ళిపోతుంది. నా మీద కోపమనుకునేదాన్ని.

మేలో వస్తున్నాను. పిల్లకు ఏదీ కొత్తగా నేర్పొద్దు, చిన్నమ్మ వస్తోందనే చెప్పు. మీ వీధిలోనే నాకొక గది చూడు. నీ దగ్గరనుంచి దాన్ని లాక్కోను. బస్టాండుకు రామాంజినప్పను పిలుచుకురా, తీయనీ. నేను ఎత్తుకోగానే అది ఏడుస్తుంది, ఎవరినో ఒకరిని పిలుస్తుంది.

అక్కడ మాత్రం పాట వేయించు.

సుజాత