అభ్యంతరం మామయ్య బీరువా తనిఖీ

చిరంజీవి పిడుగుకు,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని రాయమని అడగను. కాదని నాకు తెలిసిపోయింది.

మొన్న కళ్ళ డాక్టరు కోసం మీ ఇంట్లో దిగాను కదా. తెల్లవారుతుండగా చలేసి, దుప్పటి కోసం మీ బీరువా తీశాను. దుప్పటి దొరకలేదు గానీ పై అరలోంచి ఒక గుడ్డసంచి జారి నా కాళ్ళ మీద పడింది. అందులో పిడి ఉన్న తోలుపట్టీల కుచ్చు ఒకటి, వెడల్పాటి చెక్కబద్ద ఒకటి, సన్నటి బెత్తం ఒకటి. సర్వీసంతా ఫ్యాక్టరీలు తనిఖీ చేసిన కళ్ళమ్మా ఇవి. శుక్లాలు వస్తే వచ్చాయి గానీ, వాడిన పనిముట్టుకూ వాడనిదానికీ తేడా ఇంకా తెలుస్తుంది. ఆ పిడి చేతి రాపిడికి నున్నబడి ఉంది.

తరవాత టిఫిను దగ్గర గమనించాను. నీళ్ళజగ్గు ఎత్తబోయి కుడిభుజం పట్టుకున్నావు. ఏమైందే అంటే, ఏం లేదు మామయ్యా, తప్పు నాదేలే అన్నావు. మీ ఆయన కుర్చీ ఖాళీగా ఉన్నా కూచోకుండా, గోడకు ఆనుకుని నిలబడే తిన్నాడు, కాపలావాడిలా నిన్నే చూస్తూ. రైళ్ళ కంట్రోలు రూములో పొద్దస్తమానం బళ్ళను ఆపమనీ పొమ్మనీ అదిలించే ఉద్యోగం అయితే మాత్రం, ఇంట్లోనూ అదే దర్పమా?

మారుమాట లేకుండా బట్టలు సర్దుకుని వచ్చెయ్. మా వీధి చివరి వకీలమ్మతో పేరు చెప్పకుండా మాట్లాడి ఉంచాను. ఫోను చెయ్యకు. ఫోనులో అన్నమాట మర్నాడు అనలేదంటారు. నాకు కాగితం మీద కావాలి.

ఇట్లు,
మీ ఇంట్లో అందరూ వెనకాల అభ్యంతరం మామయ్య అని పిలుచుకునే
మీ మామయ్య

తా.క. నేను వణికింది చలికేనని మీ ఆయనకు చెప్పు. తనను చూసి అనుకోగలడు.

* * *

మామయ్యకు,

పిడుగు నమస్కారాలు. నీ ఉత్తరం నా ఫిజియోథెరపీ క్లినిక్కుకు వచ్చింది. నడుమునొప్పి పేషెంటుకు వ్యాయామం చూపిస్తూ కవరు చించాను. చదవడం పూర్తయ్యేదాకా పాపం ఆయన ఒంటికాలి మీదే ఉన్నాడు. సిగ్గుతో నా చెవులు ఇప్పటికీ కాలుతున్నాయి.

ఇలాంటివి మేనమామకు రాయాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. కానీ నువ్వు అనుకుంటున్నది ఇంకా ఘోరంగా ఉంది కాబట్టి రాస్తున్నాను. ఆ సంచి మా ఇద్దరిదీ. ఎవరి మీదా ఎవరి బలవంతమూ లేదు. పెద్దవాళ్ళు ఇద్దరు, ఇష్టపడి, ముందే మాట్లాడుకుని, హద్దులు పెట్టుకుని ఆడే దెబ్బల ఆట అది. కొందరు చన్నీళ్ళలో దూకుతారు, కొందరు పనిగట్టుకుని కొండలెక్కి మోకాళ్ళు చెక్కుకుంటారు. ఇదీ అలాంటి ఒక ఇష్టం. భుజం సంగతి నిజంగానే నా పొరపాటు. వార్మప్ చెయ్యలేదు.

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ మాట బయటికి పొక్కనివ్వకు. ఆయన పనిచేసే చోట ఒక గదిలో తుమ్మితే అన్ని స్టేషన్లకూ వినిపిస్తుంది. ఇది తెలిస్తే ఆ మనిషి మళ్ళీ ఆ కుర్చీలో కూచోలేడు. అమ్మకైతే అసలే రాయకు.

ఇట్లు,
భయంతో నిద్రపట్టని
నీ పిడుగు

తా.క. దుప్పట్లు కింది అరలో ఉంటాయి. పై అరతో నీకు ఇక ఎప్పటికీ పనిలేదు.

* * *

చిరంజీవి పిడుగుకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. తోసిపుచ్చాను.

"ఇష్టపడి" అని రాశావు. నా సర్వీసులో నాకు పరమ అసహ్యమైన మాట అదే. నూనెమిల్లు యజమాని ఒకడు, రోలర్లలోకి చేతులు పోకుండా అడ్డంగా బిగించిన కమ్మీలు పీకించేసి, అడిగితే ఒక కట్ట కాగితాలు చూపించాడు. మేం ఇష్టపడే కమ్మీలు లేకుండా పనిచేస్తున్నాం అని పనివాళ్ళంతా వేలిముద్రలు వేశారు. కొందరికి ముద్ర వెయ్యడానికి ఆ వేలే మిగల్లేదు. వాడికి ఈమధ్య గౌరవ డాక్టరేటు ఇచ్చారు. వాణ్ణి గురించి నేను రాసిన రిపోర్టును తొక్కిపెట్టిన మా పైఅధికారి సభలో ముందువరసలో కూచుని చప్పట్లు కొట్టాడు. ఆయనకు పది వేళ్ళూ ఉన్నాయి.

కాబట్టి సంతకాలు నాకు చూపించకు. జవాబులు రాయి. కొట్టే మనిషికి ఆ పని ఎవరు నేర్పారు? ఒంట్లో ఎక్కడ తగలొచ్చు, ఎక్కడ తగలకూడదు? మధ్యలో ఆపాలంటే ఎలా? నోరు పెగలకపోతే? తాగి చేస్తారా? కోపంలో చేస్తారా? అయిపోయాక ఎవరు చూసుకుంటారు?

డొంకతిరుగుడు కనిపిస్తే మీ ఆయన పైఅధికారికి నేరుగా రాస్తాను. పైఅధికారులకు రాయడం నాకు కొత్తకాదు. వాళ్ళు చదవకపోవడం కూడా.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. ఈ విషయం మీద మన పాత కామశాస్త్రాల్లోనే ఒక అధ్యాయం ఉన్నట్టు గుర్తు. చూద్దామంటే నా పుస్తకం ఎదురింటి రిటైర్డు ప్రొఫెసరు పట్టుకుపోయి ఏడాది దాటింది. ఎందుకు తిరిగివ్వలేదో ఇవాళ అర్థమైంది.

* * *

మామయ్యకు,

నమస్కారాలు. ఆయన పైఅధికారి మాట ఎత్తేసరికి, పేషెంట్లను బయట కూచోబెట్టి గబగబా రాస్తున్నాను. అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకో.

ఊరికే చూసి నేర్చుకున్నది కాదు. ఈ పని తెలిసినవాళ్ళ దగ్గర కూచుని నేర్చుకున్నదే. మొదట చాలారోజులు దిండు మీద. దిండు మీద గురి కుదిరాక సొంత తొడ మీద, ఏ దెబ్బ ఎంత చురుక్కుమంటుందో తెలియడానికి. అది తెలియకుండా ఇంకో మనిషి మీద చెయ్యెత్తకూడదు.

తగలాల్సింది కండ పట్టిన చోటే. పిరుదుల కింది సగం, తొడల వెనక పైభాగం. నడుము మీద వద్దే వద్దు. అక్కడ చర్మం కింద మూత్రపిండాలకు పెద్ద కాపుదల లేదు. వెన్నెముక, దాని చివరి ఎముక, మెడ, తల, పొట్ట, కీళ్ళు, ఇవేవీ తాకకూడదు. రోజూ జనం నడుములు పట్టుకునే దాన్ని, ఇది నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వెడల్పాటి చెక్క దెబ్బను పరుస్తుంది. సన్నటి బెత్తం అంతా ఒకే గీతలోకి తెస్తుంది. అందుకే చూడ్డానికి అమాయకంగా ఉండే బెత్తమే అన్నిటికంటే ప్రమాదం, దాన్ని మేం ఇంకా వాడలేదు. తోలుపట్టీలతో తిప్పలు వేరు. నిలబడే దూరం తప్పితే కొసలు ఒంటిని చుట్టేసి పక్కటెముకల మీద పడతాయి, కొసకే వేగమెక్కువ. మొదట అరచేత్తో, మెల్లగా, ఒళ్ళు వేడెక్కేదాకా. తరవాతే మిగతావి.

ఆపడానికి మూడు మాటలు. ఆకుపచ్చ అంటే సరే, పసుపు అంటే తగ్గించి అడుగు, ఎరుపు అంటే అంతా ఆగిపోవాలి. రైళ్ళాయన ఇల్లు కదా, వేరే మాటలు వెతుక్కోలేదు. నోరు పెగలకపోతే చేతిలో తాళాల గుత్తి ఉంటుంది. అది కింద పడితే ఎరుపే. తాగి ముట్టుకోం. ఒకరి మీద ఒకరికి కోపం ఉన్న రోజు ఆ అర తలుపే తియ్యం. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్ళకు ఇది పనికిరాదు. ముందే ఒకరి ఒంట్లో సంగతులు ఒకరికి చెప్పుకుంటాం. అయిపోయాక దుప్పటి, మంచినీళ్ళు, పక్కపక్కన కూచోవడం. మర్నాడు ఒళ్ళెలా ఉంది, మనసెలా ఉంది అని మళ్ళీ అడగడం. తోలు తుడిచి ఆరబెట్టడం.

ఇంతకంటే ఏం రాయను చెప్పు. రాయొద్దు మామయ్యా, ఆయన ఆఫీసుకు రాయొద్దు.

నీ పిడుగు

తా.క. మూడేళ్ళ కిందట నా పెళ్ళికి ఫ్యాను బిగింపు మీద నువ్విచ్చిన అభ్యంతరపత్రం ఇంకా దాచుకున్నాను. ఈ ఉత్తరం మాత్రం చదివి చించెయ్.

* * *

చిరంజీవి పిడుగుకు,

చించలేదు. మళ్ళీ మళ్ళీ చదివాను. మా డిపార్టుమెంటు నా హయాంలో అచ్చువేసిన ఏ సూచనల పుస్తకమూ ఇంత శుభ్రంగా లేదు. వాటిని రాసిన పెద్దమనిషికి లేతుయంత్రం ఎటువైపు తిరుగుతుందో తెలియదు. ప్రమోషన్ ఎటువైపు తిరుగుతుందో తెలుసు.

నా భయం అందుకే పెరిగింది. దెబ్బలు తినే మనిషి దెబ్బల గురించి ఇలా రాయదు. ఇది కొట్టే చెయ్యి రాసిన రాత. అతను పక్కన కూచుని చెబుతుంటే నువ్వు రాశావు. అతనికి ఇంత తెలుసంటే మాట పైకి రాకుండా ఎలా కొట్టాలో కూడా తెలుసు.

పసుపు మీద నాకు అభ్యంతరం ఉంది. యంత్రం తిరుగుతుంది, లేకపోతే ఆగుతుంది. అయినా దాన్ని పక్కన పెడతాను. అసలు ప్రశ్న ఒకటుంది, దానికి నీ ఉత్తరంలో జవాబు లేదు. నేను చూసిన ప్రతి మిల్లులోనూ గోడకు ఎర్ర మీట ఉండేది. నొక్కితే యంత్రం ఠక్కున ఆగేది. ఎవడూ నొక్కేవాడు కాదు. నొక్కినవాడికి మర్నాడు పని ఉండేది కాదు. ఆపడం ఎలాగో రాశావు. ఆపిన తరవాత ఏమవుతుంది? అది రాయి.

అతని పైఅధికారికి ఉత్తరం రాసి, కవరులో పెట్టి, స్టాంపు అంటించాను. సోమవారం దాకా చూస్తాను.

ఇట్లు,
నిద్ర కరువైన మామయ్య

తా.క. ప్రొఫెసరింటికి వెళ్ళి పుస్తకం అడిగాను. పూర్తయింది, తీసుకెళ్ళండి అన్నాడాయన. లోపల్నించి వాళ్ళావిడ ఇంకా కాలేదంది.

* * *

మామయ్యా,

ఆ కవరు డబ్బాలో వెయ్యకు.

ఆపిన తరవాత ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు నేను చెప్పేది కాదు. నీకు చెప్పని విషయం ఒకటుంది. అది చెబితే నీ అనుమానం ఈ క్షణంలో పోతుంది. కానీ అది నా ఒక్కదానిదే కాదు. ఆయన సరే అనందే నా నోటివెంట రాదు. అడిగాను. వద్దన్నారు. అన్నప్పట్నించీ ఆయనకూ ముద్ద దిగట్లేదు, నాకూ దిగట్లేదు. మళ్ళీ అడిగి ఒత్తిడి పెట్టను. అంతదాకా ఆయన గురించి నువ్వేం అనుకుంటావో అనుకో, నన్నేం తిట్టుకుంటావో తిట్టుకో. ఆయన ఉద్యోగం జోలికి మాత్రం పోకు. చిన్నప్పట్నించి నేను నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

పిడుగు

తా.క. ఇవాళ క్లినిక్కులో నా వాలకం చూసి ఒక పేషెంటు నాకే వ్యాయామం చూపించాడు. తప్పు చూపించాడు. దిద్దే ఓపిక కూడా లేక అలాగే చేశాను.

* * *

చిరంజీవి పిడుగుకు,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి, నిన్ను గదిలో పెట్టి తాళం వేశాడనే అనుకున్నాను. నీకు చెప్పకుండా బండెక్కాను. కవరు జేబులో పెట్టుకుని నేరుగా కంట్రోలు రూము గుమ్మం దగ్గరికి పోయి, డ్యూటీ దిగుతున్న మీ ఆయన్ని ఎదురుగా టీ బంకుకు లాక్కుపోయాను. దారిలో ఏం తిట్టాలో అంతా సిద్ధం చేసుకున్నాను. తీరా చూస్తే, అన్ని బళ్ళను అదిలించే ఆ మనిషి టీ తాగకుండా గ్లాసును బల్ల మీద గిరగిరా తిప్పుతూ కూచున్నాడు.

కవరు బల్ల మీద పెట్టి, నా మేనకోడల్ని ఎందుకు కొడుతున్నావు అని అడిగాను.

కవరును తన వైపు తిప్పుకుని చదివాడు. ఎవరికి రాశానో పైనే కనిపిస్తోంది కదా. తరవాత చాలా చిన్నగొంతుతో, "నేను కొట్టను మామయ్యగారూ. కొట్టించుకుంటాను. అడిగింది కూడా నేనే" అన్నాడు.

నాకు టీ గొంతులో అడ్డంపడింది. వీపు తట్టబోయి, తట్టొచ్చా అని అడిగాడు. అప్పుడే నాకు సగం అనుమానం తీరిపోయింది.

పిడుగూ, కొత్తగా చేరిన ప్రతి ఇన్స్‌పెక్టరుకూ నేను మొదట చెప్పిన పాఠం ఒక్కటే. యంత్రం నడిపించేవాణ్ణి అడిగి రిపోర్టు రాయొద్దు, యంత్రంలోకి చెయ్యి పోయేవాణ్ణి అడుగు అని. ఆ పాఠం వినని నలుగురిని ఏడిపించి వదిలిపెట్టాను. ఇన్నాళ్ళూ నేను చేసింది అదే పని. ప్రశ్నలన్నీ కొట్టే మనిషికే పంపించి, జవాబులు ఇంత బాగున్నాయేమిటని అనుమానపడ్డాను.

అందుకని అడగాల్సినవాణ్ణే అడిగాను. ఎందుకిలా అని మాత్రం అడగలేదు, అది నా శాఖ కాదు. ఎరుపు అన్నావా ఎప్పుడైనా అన్నాను. అన్నానన్నాడు. అన్నాక ఏమైంది? "మాట పూర్తికాకముందే చెయ్యి దిగిపోయింది. దుప్పటి కప్పింది. ఎందుకని అడగలేదు. మర్నాడు మొహం మాడ్చుకోలేదు. తరవాత వారం, నేను కదిపేదాకా ఆ ఊసే ఎత్తలేదు." ఇది చెప్పాక గ్లాసు తిప్పడం ఆపి మొదటి గుక్క తాగాడు.

సర్వీసు మొత్తంలో ఈ జవాబు చెప్పిన పనివాణ్ణి నేను చూడలేదు. గౌరవ డాక్టరేటు వచ్చిన ఫ్యాక్టరీలో కూడా చూడలేదు.

నిన్ను నేను బాధితురాలనుకుంటున్నా, అతన్ని దుర్మార్గుడనుకుంటున్నా, అతను వద్దన్నాడని నోరు మెదపలేదు నువ్వు. నీకు రాయడానికి అతని అనుమతి తీసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. చదివి వినిపించాను కూడా. రెండుచోట్ల కొట్టేయించాడు. అతని చేతికే ఇచ్చి పంపిస్తున్నాను. కవరు అక్కడే చించి టీ బంకు పొయ్యిలో వేశాను. బెత్తం మీద అభ్యంతరం అలాగే ఉంది, ఇంకొన్నాళ్ళు దిండు మీదే వాడు. వార్మప్ చెయ్యకుండా భుజం పాడుచేసుకున్నందుకు నీ మీద వేరే అభ్యంతరం.

ఇట్లు,
తప్పు మనిషిని తనిఖీ చేసిన
మీ మామయ్య

తా.క. ఒక్క చిక్కు మిగిలింది. బండెక్కేముందు హడావుడిలో మీ అమ్మకు, అల్లుడు నీ కూతుర్ని బాదుతున్నాడు అని ఒక కార్డు పడేశాను. ఇప్పుడు అసలు సంగతి చెప్పి ఆపుదామంటే, మీ అమ్మకు చెప్పడానికి అతను ఒప్పుకోవడం లేదు. అది అతని హక్కు, నేను కాదనలేను. కార్డు అందగానే, ఇవాళ పొద్దున్న చీపురు పట్టుకుని బయల్దేరిందని కబురొచ్చింది. అల్లుడికి రెండ్రోజులు సెలవు పెట్టొద్దని నువ్వూ చెప్పు, డ్యూటీలోనే ఉండమను. ముందుగా మాట్లాడుకోవడం, మెల్లగా మొదలుపెట్టడం మా అక్కయ్య పద్ధతి కాదు.